పెయింటింగ్, శిల్పాల చరిత్ర మీద సినిమాలు, టీవీ సిరీస్‌లు: ఇంటర్ చదివే పాపతో కలిసి చూడ్డానికి ఎక్కడ మొదలెట్టమంటారు?

ఉక్కునగరం నాన్న:

అందరికీ నమస్కారం అండీ. మాది ఉక్కునగరం, ఫౌండ్రీలో పని, షిఫ్టులు. మా పాప ఇంటర్ ఫస్టియర్. చిన్నప్పట్నుంచీ బొమ్మలేస్తాది, నోట్సుల వెనక పేజీలన్నీ బొమ్మలే, ఇప్పుడేమో ఇంటర్ అయిపోయేక ఆంధ్రా యూనివర్సిటీలో ఫైనార్ట్స్ ఉంది కదా నాన్నా అందులో చేరతాను అంటాది. నేను వద్దనలేదు, వాళ్ళమ్మా వద్దనలేదు, కానీ మా ఇద్దరికీ దాని గురించి ఏటీ తెలీదు, చుట్టాల్లో కూడా ఆ చదువు చదివినోళ్ళు లేరు.

మొన్న లైబ్రరీ నుంచి లావుపాటి ఆర్ట్ హిస్టరీ పుస్తకం ఒకటి తెచ్చుకుంది, ఇంగ్లీషుది. నాలుగు పేజీలు చదివి పక్కన పెట్టీసింది. బొమ్మలు మాత్రం పడుకునే ముందు రోజూ తిరగేస్తాది. అప్పుడు నాకు తట్టింది ఏటంటే, నాకు ఏ షిఫ్టు లేని రాత్రి ఎలాగూ ఇద్దరం కూర్చుని ఏదో సినిమా చూస్తాం, అదేదో పెయింటర్ల మీద తీసినవీ, పాత శిల్పాల మీద తీసిన టీవీ ప్రోగ్రాములూ చూస్తే దానికి చరిత్ర కొంచెం బుర్రకెక్కుతాది, నాకూ అది మాట్లాడేది అర్థమవుతాది కదా అని. నెట్‌లో వెతికితే బోల్డు పేర్లొచ్చేయి, ఏది ముందో ఏది వెనకో తెలీట్లేదు.

తండ్రీ కూతురూ పక్కపక్కన కూర్చుని చూసేలాగుండాలి, అది మొదటి మాట. సబ్‌టైటిల్స్ ఉంటే చాలు, నేను నెమ్మదిగా చదువుకుంటాను. ఇంకోటి, ఈ సినిమాల్లో చూపించింది నిజమేనా? పాప అదే నిజమనుకుని రేపు ఎక్కడైనా చెప్తే తప్పయిపోతాదేమో అని నా భయం. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

లాసన్స్‌బే సుధ:

అన్నయ్యగారూ, మీ పోస్టు చదివి చాలా సంతోషమేసింది. నేను 22 ఏళ్ళు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేశాను, పిల్లల కోసం ఇట్లా అడిగిన నాన్నలు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు అంతే.

మొదట లవింగ్ విన్సెంట్ పెట్టండి, 2017ది. డచ్ పెయింటర్ వాన్‌గో చనిపోయిన ఏడాదికి ఒక పోస్ట్‌మాన్ కొడుకు ఆయన ఆఖరి ఉత్తరం పట్టుకుని బయల్దేరి ఆయనెలా పోయాడో ఊళ్ళో అందర్నీ అడుగుతూ తిరగడం, అదీ కథ. అసలు విశేషం ఏంటంటే సినిమా మొత్తం ఆయిల్ పెయింటింగే. ముందు నటులతో తీసి, తర్వాత 100 మందికి పైగా పెయింటర్లు కూర్చుని ఒక్కో ఫ్రేము కాన్వాస్ మీద వేశారు, దాదాపు 65,000 ఫ్రేములు. సెకనుకి 12 బొమ్మలు అన్నమాట. మీ పాప మొదటి ఐదు నిమిషాల్లోనే లేచి టీవీ దగ్గరికెళ్ళి కుంచె గీతలు చూస్తుంది చూడండి, మా స్టూడెంట్స్ అందరూ అదే చేశారు. ఆయన చావు గురించి ఉంది కాబట్టి కొంచెం బరువుగా ఉంటుంది, పక్కన మీరుంటారు కదా పర్లేదు.

ఆ తర్వాత 1956లో వచ్చిన లస్ట్ ఫర్ లైఫ్. కిర్క్ డగ్లస్ వాన్‌గోగా వేశాడు, ఆయన స్నేహితుడు, ఇంకో పెయింటర్ గోగాఁగా వేసిన ఆంథొనీ క్విన్‌కి ఆస్కార్ వచ్చింది. దాని డైరెక్టర్ మినెల్లి రంగుల కోసం పట్టుబట్టి, అప్పటికే వాడకం తగ్గిపోయిన వేరే కంపెనీ ఫిల్ము మిగిలిందంతా కొనిపించి మరీ తీశాడు, మామూలు ఫిల్ములో వాన్‌గో పసుపు రాదని.

ఇక మీ భయం సంగతి. మీ భయం సరైందే, దానికి నా దగ్గరున్న మంచి ఉదాహరణ కూడా ఈ సినిమాదే. అందులో చివర వాన్‌గో గోధుమచేలో కాకుల బొమ్మ వేస్తూ ఉండగా అంతా అయిపోతుంది. చూసినవాళ్ళందరికీ అదే ఆయన ఆఖరి బొమ్మ అని ముద్ర పడిపోయింది, నేను కూడా చాలా ఏళ్ళు పిల్లలకి అదే చెప్పాను. కానీ అది ఆఖరిది కాదు. 1890 జులైలో ఆయన చివరగా వేసింది చెట్ల వేళ్ళ బొమ్మ, పూర్తి కూడా కాలేదు. 2020లో ఒక పాత పోస్ట్‌కార్డు చూసి ఆ వేళ్ళున్న గట్టు ఎక్కడుందో కూడా కనిపెట్టారు. కాకులు, నల్లబడ్డ ఆకాశం ఉంటే చావుకి సరిపోతుంది కాబట్టి సినిమాకి అది నచ్చింది. వేళ్ళ బొమ్మ ఎంత రంగులమయంగా ఉంటుందో, నీలం, పచ్చ, అది చూస్తే ఆ మనిషి గురించి ఆలోచనే మారిపోతుంది.

అందుకే రెండూ చూశాక తప్పకుండా జాన్ బెర్జర్ అనే రచయిత చేసిన వేస్ ఆఫ్ సీయింగ్ పెట్టండి. 1972లో బీబీసీలో వచ్చింది, నాలుగే ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట, యూట్యూబ్‌లో దొరుకుతుంది. మొదటి సీన్లోనే ఆయన మ్యూజియం లాంటి గదిలో నిలబడి బొటిచెల్లి బొమ్మని చాకుతో కోసి వీనస్ మొహం ఊడదీస్తాడు, కంగారు పడకండి, అది కాపీయే. తర్వాత ఒక దగ్గర ఇదే కాకుల బొమ్మ చూపిస్తాడు. ముందు ఊరికే చూడమంటాడు, తర్వాత ఇది ఆయన చనిపోయే ముందు వేసిన ఆఖరి బొమ్మ అని ఒక్క వాక్యం తగిలిస్తాడు, అంతే, మన కళ్ళముందే బొమ్మ మారిపోతుంది. ఆ వాక్యమే నిజం కాదని ఇప్పుడు మనకి తెలుసు కాబట్టి ఆయన చెప్పింది ఇంకా గట్టిగా తగుల్తుంది నాకు. మొదటి ఎపిసోడ్ పాపతో చూడండి. రెండోది ఆడవాళ్ళ నగ్న చిత్రాల గురించి, అందులో ఆయన చెప్పేది ఆడపిల్లలు వినాల్సిందే, కానీ అది అమ్మతో కూర్చుని చూస్తే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

పాతపోర్టు బాబాయ్:

నేను పోర్టులో చేసి రిటైరయ్యాను, ఆర్టు గురించి పెద్దగా తెలీదు గానీ మిస్టర్ టర్నర్ అని ఒకటుంది, 2014ది, మా అబ్బాయి పెట్టి చూపించాడు, మూడుసార్లు చూసేను. సముద్రాన్ని అంత బాగా వేసిన మనిషి ఇంకోడు లేడండి. హీరో తిమోతీ స్పాల్ ఈ వేషం కోసం రెండేళ్ళు బొమ్మలెయ్యడం నేర్చుకున్నాడంట, కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రైజు కూడా వచ్చింది. అందులో ఒక సీను, టర్నర్ స్నేహితుల్తో పడవలో వెళ్తుంటే పాత యుద్ధనౌక టెమెరేర్‌ని ఒక టగ్గు లాక్కెళ్తుంటాది, ట్రఫాల్గర్‌లో పోరాడిన ఓడ, 1838లో విరగ్గొట్టడానికి తీసుకెళ్తున్నారు. ఆయన 1839లో ఆ బొమ్మ ఎగ్జిబిషన్‌లో పెట్టేడు.

ఇన్నర్ హార్బర్ చానెల్‌లోకి డాల్ఫిన్స్‌నోస్ పక్కనుంచి టగ్గులు ఓడల్ని తేవడం నేను ఎన్ని వేలసార్లు చూసుంటానో, ఆ పొగా ఆ పొద్దుగుంకే వెలుగూ చూస్తే నాకు గుండె పట్టీసింది. తర్వాత మావాడు చెప్పేడు, నిజానికి దాన్ని రెండు టగ్గులు లాగేయంట, అప్పటికే తెరచాప కొయ్యలు కూడా తీసీసారంట. టర్నరే బొమ్మలో కొయ్యలు నిలబెట్టేడు, టగ్గు ఒకటే ఉంచేడు. అంటే సినిమా బొమ్మని నమ్మింది, బొమ్మేమో ఉన్నదున్నట్టు లేదు. అయినా అంత పెద్ద ఓడ తలెత్తుకుని పోతున్నట్టే కదా ఉండాలి, కొయ్యలూడిపోయిన మొండెం లాగ వేస్తే ఎవరికి మనసొప్పుతాది. నాకు టర్నర్ చేసిందే కరెక్టు అనిపిస్తాది.

రెండున్నర గంటలు, నెమ్మదిగా ఉంటాది. పనిమనిషితో ఒకట్రెండు సీన్లు పాపతో చూసేలాగుండవు, ముందు మీరొక్కరూ చూసి ఆ ముక్క జరిపీండి.

ఉక్కునగరం నాన్న:

సుధ గారూ, బాబాయ్ గారూ చాలా థాంక్సండి. లవింగ్ విన్సెంట్ నిన్న రాత్రే చూసేం. మీరన్నట్టే జరిగింది, పాప టీవీకి జానెడు దూరంలో నిలబడింది, వాళ్ళమ్మ కళ్ళు పాడైపోతాయి అని కేకలు. ఇంకోటి అడగొచ్చా, అన్నీ ఫారిన్‌వేనా, మనవాళ్ళ మీద ఏటీ లేవా? తెలుగులో ఉంటే మా అమ్మ కూడా కూర్చుంటాది.

కశింకోట కుర్రోడు:

తెలుగులో అంటే ముందుగా అమరశిల్పి జక్కన, 1964. నాగేశ్వరరావు, బి.సరోజాదేవి, బి.ఎస్.రంగా డైరెక్షన్. మీ అమ్మగారికి చూపించక్కర్లేదు, ఆవిడే కథంతా చెప్పీగలరు. ఘంటసాల పాట ఈ నల్లని రాలలో వినని ఇల్లు ఉండదు. కర్ణాటకలోని బేలూరు, హళేబీడు గుళ్ళు తెర మీద చూడ్డానికి దీనికి మించింది నాకు దొరకలేదు.

కానీ సినిమాల్లో నిజం ఎంత అని అడిగేరు కదా, ఇక్కడ కూడా అదే తంతు. జక్కనాచారి అనేది జనం చెప్పుకునే కథ. తండ్రి చెక్కిన విగ్రహంలో దోషం ఉందని కొడుకు పట్టుకోవడం, రాతిలోంచి కప్ప బయటపడ్డం, తండ్రి చేతులు పోవడం, అన్నీ కథే. బేలూరు చెన్నకేశవ గుడి 1117లో హొయసల రాజు విష్ణువర్ధనుడు కట్టించింది. అక్కడ శిల్పులు విగ్రహాల కింద తమ పేర్లు చెక్కుకున్నారు, దాసోజ అని, చావణ అని. అలాగే తర్వాత కాలంలో మల్లితమ్మ అనే శిల్పి పేరు చాలా గుళ్ళలో కనపడతాది. మన దగ్గర అన్ని గుళ్ళు కట్టేరు, చెక్కినోడి పేరు చాలా చోట్ల ఉండదు, అక్కడ 900 ఏళ్ళ కిందటి మనిషి సంతకం ఉంది. నాకైతే లేని జక్కన కన్నా ఉన్న ఆ దాసోజ మీద సినిమా వస్తే బావుణ్ణు అనిపిస్తాది.

ఇంకోటి, ఆ నగలూ గాజులూ అంత సన్నగా ఎలా చెక్కేరంటే అది బలపపు రాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉంటాది, గాలి తగిలేక గట్టిపడతాది. మన సింహాచలం కొండలదీ కైలాసగిరిదీ వేరే రాయి, కొండలైట్ అంటారు, ఒడిశాలో కోణార్క్ గుడి కూడా ఎక్కువ భాగం ఆ రాయే, అది గాలికీ వానకీ అరిగిపోతాది. పాపకి ఈ తేడా చెప్పండి, సింహాచలం వెళ్ళినప్పుడు గోడ మీద శిల్పాలు చూసి తనే పట్టుకుంటాది. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడి వంశం వాళ్ళే ఇక్కడా కట్టించేరు.

అసలు నన్నడిగితే ఒక మాట అంటాను, ఏటీ అనుకోకండి. పెయింటర్ల సినిమాలన్నీ ఒకే మూసలో ఉంటాయి. పిచ్చోడు, తాగుబోతు, బతికుండగా ఎవరూ పట్టించుకోలేదు, చివర చచ్చిపోతాడు. ఇంటర్ పిల్లకి అదే చూపిస్తే బొమ్మలేసేవాళ్ళంటే ఇంతే కాబోలు అనుకోదా? మా ఊళ్ళో వడ్డాది పాపయ్య గారుండేవారు, వపా. చందమామ అట్టలు, యువ అట్టలు వేసినాయన. శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడిపోయేరు, 1992లో పోయేరు. మా తాతయ్య చెప్పేవారు, ఆయన ఎవరితోనూ పెద్దగా కలిసేవారు కాదు, పొద్దున్నే లేచి బొమ్మ, మళ్ళీ బొమ్మ. వాన్‌గో లాగ చెవి కోసుకోలేదు, ఎవరితోనూ కొట్టుకోలేదు. అలాంటి మనిషి మీద సినిమా ఎవడు తీస్తాడు చెప్పండి. కానీ పాప తెలుసుకోవాల్సింది ఆ రోజువారీ పని గురించే అని నా బాధ.

లాసన్స్‌బే సుధ:

నువ్వన్నది చాలావరకు నిజం బాబూ, ఒక్క దగ్గర ఒప్పుకోను. నేను మా ఊరి టూరింగ్ టాకీసులో జక్కన చూడకపోతే డ్రాయింగ్ టీచర్ని అయ్యేదాన్ని కాదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, అది కథో నిజమో నాకేం తెలుసు, ఉలి దెబ్బకి రాయిలోంచి మొహం రావడం ఒక్కటే గుర్తుంది. మర్నాడు సబ్బుబిళ్ళ మీద గుండుసూదితో చెక్కి అమ్మతో తన్నులు తిన్నాను. కథ మనిషిని గుమ్మం దాకా తీసుకొస్తుంది. లోపలికెళ్ళాక నిజం వెతుక్కోవచ్చు. అదీ లేకపోతే గుమ్మం దాకా కూడా రాని వాళ్ళే ఎక్కువ.

రోజువారీ పని చూపించాలంటే 1956లోనే వచ్చిన ది మిస్టరీ ఆఫ్ పికాసో ఉంది, క్లూజో తీశాడు. కథ లేదు, మాటలు కూడా బాగా తక్కువ. పల్చటి కాగితం మీద పికాసో గీస్తుంటే సిరా వెనక్కి దిగుతుంది, వెనకాల కెమెరా. చెయ్యి కనపడదు, గీత మాత్రం నడుస్తుంటుంది. ఒక చేప వేస్తాడు, అది కోడవుతుంది, అది మొహమవుతుంది. బాగుందే అనుకునేసరికి చెరిపేసి మళ్ళీ మొదలెడతాడు. చెరపడానికి భయపడే పిల్లలకి నేను అదే చూపించేదాన్ని.

బాపు గారి సీతాకల్యాణం కూడా పెట్టండి అన్నయ్యగారూ, 1976ది. చరిత్ర పాఠం కాదు, కానీ బొమ్మలేసే మనిషి కెమెరా పట్టుకుంటే ఫ్రేములో ఎవర్ని ఎక్కడ నిలబెడతాడో గంగావతరణం ఒక్కటి చూస్తే చాలు. అమ్మగారు కూడా కూర్చుంటారు.

సీతమ్మధార మేడమీద గది:

ఆలస్యంగా వచ్చాను, చాలా మంచి పేర్లు వచ్చేశాయి. నేను మూడే చెప్తాను.

ది ఇన్నర్ ఐ, 1972, సత్యజిత్ రాయ్ తీసిన చిన్న డాక్యుమెంటరీ, 20 నిమిషాలు. వినోద్ బిహారీ ముఖర్జీ అని శాంతినికేతన్‌లో రాయ్‌కి బొమ్మలు నేర్పిన గురువుగారు. పుట్టుకతోనే ఆయనకి ఒక కన్ను కనపడదు, రెండోది అంతంతమాత్రం. ఆ చూపుతోనే శాంతినికేతన్ హిందీ భవన్ గోడల మీద మన మధ్యయుగపు సాధువులందర్నీ వేశారు. 1950ల్లో కంటి ఆపరేషన్ తర్వాత ఆ కాస్త చూపూ పోయింది. పోయాక కూడా ఆపలేదు, చేత్తో తడుముకుంటూ కాగితం కత్తిరించి అతికించారు, మైనంతో బొమ్మలు చేశారు, గోడకి టైల్స్‌తో పెద్ద మ్యూరల్ చేశారు, సినిమాలో ఆయన ఆ పని చేస్తూనే కనపడతారు. రాయ్ గొంతే వెనకాల వినిపిస్తుంది, ఎక్కడా జాలి పడడు. కశింకోట తమ్ముడు అడిగిన సినిమా ఇదే అనుకుంటాను. ఎవరూ ఏడవరు, కూర్చుని పని చేసుకుంటూ ఉంటారు, అదే మనల్ని కదిలిస్తుంది. మీ లిస్టులో ఒక్కటే చూడాలంటే ఇది చూడండి.

రెండోది సైమన్ షామా పవర్ ఆఫ్ ఆర్ట్, బీబీసీ, 2006, ఎనిమిది ఎపిసోడ్లు, ఎపిసోడ్‌కి ఒక ఆర్టిస్టు. నటులు కూడా ఉంటారు కాబట్టి సినిమాలా నడుస్తుంది. రెంబ్రాంట్‌ది వదలకండి. ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాల్‌కి ఐదు మీటర్లకి పైగా ఎత్తున్న బొమ్మ వేసిస్తే 1662లో గోడ మీద కొన్నాళ్ళుంచి తిప్పి పంపేశారు. దాన్ని అమ్ముకోడానికి మధ్య ముక్క వరకు కోసేశారు. మిగిలింది రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు, అది స్టాక్‌హోమ్‌లో ఉంది. ఆ ముక్కే అంత బాగుంటే పోయిన భాగం ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

అందరూ చెప్పే కెన్నెత్ క్లార్క్ బీబీసీ సిరీస్ సివిలైజేషన్ 1969ది, 13 భాగాలు, తీసిన తీరు గొప్పగా ఉంటుంది కానీ అందులో ఉన్నది పశ్చిమ యూరప్ మాత్రమే. మన అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలు 1880 నుంచి లండన్‌లోనే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, అయినా ఆ 13 భాగాల్లో వాటికి చోటు లేదు. 2018లో బీబీసీ వాళ్ళే సివిలైజేషన్స్ అని బహువచనం పెట్టి తొమ్మిది భాగాలు మళ్ళీ తీశారు, మేరీ బియర్డ్ ఎపిసోడ్‌లో అజంతా ఉంది, డేవిడ్ ఒలుసోగా ఆఫ్రికాలోని బెనిన్ కంచు బొమ్మల గురించి చెప్తాడు. పాపకి అది ముందు చూపించి క్లార్క్‌ది తర్వాత చూపిస్తే ఏం వదిలేశాడో తనకే తెలుస్తుంది.

మూడోది మీకోసం అన్నగారూ, మీరు ఫౌండ్రీ అన్నారు కాబట్టి. తార్కోవ్‌స్కీ ఆంద్రేయ్ రుబ్లేవ్, 1966, రష్యన్. 15వ శతాబ్దం ఐకాన్ పెయింటర్ గురించి, ఐకాన్లంటే చర్చిల్లో పెట్టే దేవుడి బొమ్మలు. మూడు గంటలు, బ్లాక్ అండ్ వైట్, మధ్యలో చాలా క్రూరమైన సీన్లున్నాయి, కాబట్టి పాపతో మొత్తం వద్దు. చివరి భాగం, గంట పోత పోసేది మాత్రం ఇద్దరూ కలిసి చూడండి. గంటలు చేసే ముసలాయన ప్లేగుతో పోతాడు, రాజు మనుషులొస్తే పదిహేను పదహారేళ్ళ కొడుకు నాకు నాన్న రహస్యం చెప్పాడు నేను చేస్తాను అని ముందుకొస్తాడు. మిగతాది చెప్పను.

ఉక్కునగరం నాన్న:

నిన్న నాకు వీక్లీ ఆఫ్ అండి. పొద్దున ఇన్నర్ ఐ చూసేం, రాత్రి ఆ గంట భాగం చూసేం. రాయాలనిపించి కూర్చున్నాను, ఎక్కువైతే క్షమించండి.

ఆ కుర్రోడు మట్టి కోసం తిరుగుతాడు చూడండి, ఈ మట్టి కాదు ఆ మట్టి కాదు అని, అందరూ విసుక్కుంటారు, వానలో జారిపడితే అప్పుడు దొరుకుతాది సరైన మట్టి. మా పాప నాన్నా మట్టి ఏదైతే ఏటి అంది. నేను 19 ఏళ్ళుగా మౌల్డింగ్‌లో ఉన్నానండి, ఇంట్లో నా పని గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నిన్న సినిమా ఆపి గంటసేపు చెప్పేను. మౌల్డులో తేమ ఉండిపోతే కరిగిన లోహం పోసినప్పుడు ఆవిరై పేల్తాది అని, గాలి పోయే దారి లేకపోతే లోపల బుడగలొచ్చి పోత పాడవుతాది అని, గంటకి వాడేది కంచు, నాలుగు పాళ్ళ రాగికి ఒక పాలు దగ్గర తగరం, తగరం పెరిగితే మోత బావుంటాది గానీ పెళుసైపోతాది అని. పాప నోట్సు తెచ్చుకుని మౌల్డు బొమ్మ కోసినట్టు వేసుకుంది, లోపలి కోరు, బయటి మట్టి, మధ్యలో లోహం దిగే సందు. నేను చెప్తుంటే నా బొమ్మ కూడా ఒక మూల వేసింది.

చివర గంట మోగేక ఆ గుంటడు బురదలో పడి ఏడుస్తాడు, మా నాన్న నాకేటీ చెప్పలేదు అని. పాప నా వైపు చూసింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత రంగులొచ్చేయి కదా, ఆ ఐకాన్లు, అప్పటిదాకా నలుపూ తెలుపూ చూసి ఒక్కసారి ఆ నీలం చూసేసరికి పాప చప్పట్లు కొట్టీసింది.

కాకుల బొమ్మ సంగతి, టర్నర్ టగ్గుల సంగతి కూడా చెప్పేను, దాసోజ పేరు తన పుస్తకంలో రాసుకుంది. మా అమ్మ మాత్రం జక్కన కథ కాదంటే ఒప్పుకోవట్లేదు.

కశింకోట తమ్ముడూ, మీ దగ్గర్లోనే శంకరం బొజ్జన్నకొండ ఉంది కదా, బౌద్ధ గుహలూ రాతిలోనే తొలిచిన స్తూపాలూ ఉంటాయని విన్నాను, ఇన్నేళ్ళు అనకాపల్లి మీదుగా తిరిగేను గానీ ఒక్కసారి ఎక్కలేదు. ఈ ఆదివారం పాప స్కెచ్‌బుక్ తెచ్చుకుంటానంటాది. ఎన్నింటికి వస్తే బావుంటాది?

కశింకోట కుర్రోడు:

ఏడింటికల్లా వచ్చీండి అన్నా, ఎండెక్కితే మెట్ల మీద కాలు పెట్టలేరు. నీళ్ళు ఎక్కువ తెచ్చుకోండి. బొజ్జన్నకొండ చూసి వెళ్ళిపోకండి, పక్కనే లింగాలకొండ ఉంది, కొండని తొలిచి వరసల్లో చిన్నా పెద్దా స్తూపాలు అక్కడే ఎక్కువ, పాప గియ్యడానికి కూర్చుంటే లేవదు. నేను కింద టీ కొట్టు దగ్గర ఉంటాను.